రిలీవర్ రాని గూడు

నిజామాబాద్‌లో మేముండే అపార్ట్‌మెంట్‌కు పోయిన నెల పావురాల వలలు బిగించారు. బిగించే ముందు ఇద్దరు కూలీలు డక్ట్‌లో ఏళ్ల తరబడి పేరుకున్న రెట్టను పారలతో గీకి గోనెసంచుల్లో నింపుతుంటే, పొడి సున్నం, పాత జొన్నలు, ఎండకు కాగిన ఈకలు కలిసినట్టుండే ఒక వాసన వంటింటి కిటికీలోంచి లోపలికి వచ్చింది. మా అంతస్తులో అందరూ తలుపులు వేసుకున్నారు. నేను మాత్రం కిటికీ దగ్గరే నిలబడిపోయాను. పదేళ్ల వయసులో, రుద్రూర్‌లో మా ఇంటి వసారాలో, ఒక చెక్కపెట్టె ముందు బోర్లా పడుకుని నేను వారం రోజులు పీల్చిన వాసన అదే.

రుద్రూర్‌లో జనవరి అంటే చెరుకు. పొద్దున్నే మంచులో ట్రాక్టర్ల వరుస, ట్రాలీల మీద ఇంటి ఎత్తున చెరుకు మోపులు, వెనక నుంచి గడలు లాగేందుకు పరుగెత్తే మా గుంపు, నమిలి నమిలి ఒరుసుకుపోయిన పెదవులు, రోజంతా జిగురుగానే ఉండే వేళ్లు, కోసిన తోటల్లో ఆకు కాల్చిన పొగ, ఆ పొగ పైన పతంగులు. ఇంట్లో క్రిస్మస్‌కు చేసిన సకినాల డబ్బా అడుగంటేది. మెత్తబడ్డ ఆ చివరి సకినాలను అమ్మ మళ్లీ పెనం మీద వేడిచేసి పెట్టేది. బాపు బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టర్. గానుగ నడిచే ఆ నాలుగు నెలలు ఆయన బట్టలకు చెరుకు మడ్డి వాసన ఉండేది, ఎన్నిసార్లు ఉతికినా పోయేది కాదు. ఆయనకు ఏ వారం ఏ షిఫ్టో క్యాలెండర్ మీద రాసిపెట్టడం నా పని.

సంక్రాంతి సెలవుల్లో ఒక శనివారం పొద్దున, పతంగి మాంజా తెగి వేలాడుతున్న మా ప్రహరీ పక్కన ఒక పావురం పడి ఉంది. కుడి రెక్క భుజం దగ్గర దారం కోసుకుపోయి, ఎండిన నెత్తురు ఈకలకు అతుక్కుని ఉంది. చేతుల్లోకి తీసుకుంటే దాని గుండె నా బొటనవేలి కింద గడియారంకన్నా వేగంగా కొట్టుకుంది. అమ్మ కొబ్బరినూనెలో పసుపు కలిపి గాయానికి అద్దింది. ఆపిల్ పండ్ల చెక్కపెట్టె ఒకటి అడ్డంగా పడుకోబెట్టి, ముందు తలుపులా పాత జల్లెడ కట్టాను. తినడానికి రెండు సకినాలు నలిపి వేశాను.

మా బడి మూల మీద సైకిల్ షాపు ఖాజా చాచాకు పావురాల సంగతి తెలుసని అందరూ అనేవారు. ఆ సాయంత్రమే వెళ్లి అడిగితే ఆయన పంక్చర్ వేస్తూనే నవ్వాడు.

"సకినాలు పెట్టినవా? చాయ్ గూడ పొయ్యరాదు మరి. నూనె, ఉప్పు వద్దు బేటా. జొన్నలు, పెసలు పెట్టు. ఇటుక పొడి ఇంత పక్కకు పొయ్యి, అది లేకుంటె గింజ అరగదు. నీళ్లు లోతుగ ఉండాలె, ముక్కు మొత్తం మునగాలె దానికి."

నిజంగానే కోడిలా గుక్కగుక్కకూ తల ఎత్తకుండా, మట్టి మూకుడులో ముక్కు ముంచి మనిషి గ్లాసులో తాగినట్టు ఒక్క దమ్మున తాగింది. ఆ రాత్రే నా లెక్కల నోట్‌బుక్ వెనక పేజీలో పావురం వివరాలు రాయడం మొదలుపెట్టాను. ఒళ్లు బూడిద రంగు, రెక్క మీద రెండు నల్ల పట్టీలు, నడుం దగ్గర తెలుపు, మెడ నీడలో ఊదా ఎండలో ఆకుపచ్చ, కన్ను నారింజ, కాళ్లు ఎరుపు, పాదాలకు ఈకలు లేవు, ముక్కు మీది తెల్లటి ఉబ్బు గరుకుగా ఉంది కాబట్టి పిల్ల కాదు, పెద్దది. రోజుకు ఎన్ని గింజలు తింటుంది, ఎప్పుడు నిద్రపోతుంది, ఎప్పుడు గురగురమంటుంది, అన్నీ గంటలు వేసి రాశాను.

ఒక్కటి రాయలేదు. కుడి రెక్క విప్పి గాయం చూసినప్పుడు, పొడవాటి ఈకల లోపలి వైపు ఊదా సిరాతో రబ్బరు ముద్ర ఉంది. కొంచెం అలుక్కుపోయినా చదవడానికి వచ్చింది: మల్లయ్య గిర్ని, బోధన్. పిండి మర సంచుల మీద కొట్టే ముద్రే. నేను రెక్క మూసేశాను. అప్పటిదాకా నాది అని చెప్పుకోవడానికి నాకు కుక్కపిల్ల కూడా లేదు.

మంగళవారం సాయంత్రం పెట్టె శుభ్రం చేస్తుంటే పావురం నా చేతుల్లోంచి లేచి, వసారా దూలం మీదికి ఎగిరి కూర్చుంది. రెక్కలు రెండూ సమంగానే కొట్టింది. గింజలు చూపించి దించి, మళ్లీ పెట్టెలో పెట్టాను. ఎగరగలదు అన్న మాట కూడా నోట్‌బుక్‌లోకి ఎక్కలేదు.

బుధవారం పొద్దున చాచా దగ్గరికి నోట్‌బుక్ పట్టుకుపోయాను. మగదో ఆడదో తేల్చుకోవాలని నా ఆత్రం. చాచాకు తెలుగు చదవడం రాదు, నేనే పాఠం అప్పజెప్పినట్టు చదివాను. ఆయన చక్రం తిప్పుతూ వింటూ వింటూ ఒకచోట ఆపాడు.

"మల్ల సదువు గది."

"రోజూ పది గంటలకు పెట్టెల అటూ ఇటూ తిరుగుడు మొదలుపెడతది. జల్లెడను ముక్కుతోని పొడుస్తది. నాలుగైనంక ఊకుంటది."

"ఎన్ని రోజులు సూసినవ్?"

"ఆదివారం, సోమవారం, మంగళవారం. ఇయ్యాల గూడ ఇప్పుడే మొదలుపెట్టింది."

చాచా పానా కింద పెట్టి చేతులు తుడుచుకున్నాడు. "మగది బేటా. దాని ఇంట్ల గుడ్లున్నయ్. రాత్రంత ఆడది కూసుంటది. పది కొడితె మగది పోయి దాన్ని లేపి తను కూసుంటది, నాలుగు దాక. డ్యూటీ అన్నట్టు. గందుకే ఆగుతలేదు అది." పానా మళ్లీ అందుకుంటూ అడిగాడు. "ఎవ్వరిదో గుర్తు ఏమన్న ఉన్నదా? రెక్క మీద ముద్ర గిట్ల?"

"లేదు."

"నీ లిస్టుల లేదంటె లేనట్టే ఇంజనీర్ సాబ్. రెక్క నయమైందా?"

"ఇంకా కాలె."

"అయిన రోజు ఇడిచిపెట్టు. తోవ దానికి ఎరుకే."

ఇంటికి వచ్చి పెట్టె మీద గోనెసంచి కప్పాను. చీకటిగా ఉంటే పది గంటలైనట్టు దానికి తెలియదనుకున్నాను. సంచి కింద నుంచి చెక్క మీద గోళ్ల చప్పుడు, ఆ చివర నుంచి ఈ చివరకు, మళ్లీ ఈ చివర నుంచి ఆ చివరకు, నాలుగు దాకా వినిపించింది. గురువారం కూడా అంతే. గుడ్ల సంగతి మరిచిపోవడానికి పెట్టెకు కొత్త తాడు కట్టాను, ఇటుక పొడి జల్లించాను, మూకుడు రెండుసార్లు తోమాను. ఇంత బాగా చూసుకునేవాడి దగ్గర ఉంటే తప్పేమిటని కూడా అనుకున్నాను.

ఆ వారం బాపుది రాత్రి షిఫ్టు. పొద్దున ఏడింటికల్లా మోపెడ్ చప్పుడు వినిపించాలి. శుక్రవారం వినిపించలేదు. ఎనిమిదైంది, తొమ్మిదైంది. అమ్మ జొన్నరొట్టెలు చేసి గుడ్డలో చుట్టిపెట్టి, గడపకూ వంటింటికీ మధ్య తిరుగుతోంది.

"రిలీవర్ రానట్టున్నడు, పొద్దటి డ్యూటీ అందుకునేటోడు," అంది నాతో కాదు, వీధితో. "రాత్రంత నిలవడ్డడు. మల్ల పగలంత ఎట్ల నిలవడతడు?"

పది గంటలకు సంచి కింద చప్పుడు మొదలైంది. అమ్మ అటు తిరిగింది, నేను ఇటు తిరిగాను.

బాపు వచ్చేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. మోపెడ్ స్టాండు వేయబోతే రెండుసార్లు జారింది. గడప మీద కూర్చుని ఒక బూటు లేసు విప్పాడు, రెండోదాని దగ్గర చెయ్యి ఆగిపోయింది.

"ఇడిచిపెట్టి రావొద్దా?" అంది అమ్మ, కోపం కాదు.

"మిషన్ ఇడిచి ఎట్లొస్తనే? ఆగిపోదా?" అన్నాడు, కళ్లు మూసుకునే. అమ్మ వంగి రెండో లేసు విప్పేలోపే తల గోడకు ఆనించి నిద్రపోయాడు.

నేను వసారాలోకి పోయి సంచి తీసేశాను. పావురాన్ని రెండు చేతుల్లో పట్టుకుని ప్రహరీ ఎక్కాను. వేళ్లు విప్పితే అది వెంటనే పోలేదు. గోడ మీద రెండడుగులు వేసి, తల పక్కకు వంచి ఆకాశం చూసి, చప్పుడు చేస్తూ లేచింది. పక్క చెరుకు తోట మీద ఒక్క చుట్టు తిరిగింది, అంతే, బోధన్ రోడ్డు వైపు గీత గీసినట్టు పోయింది. పరుగెత్తి గడియారం చూశాను. నాలుగుకు ఇంకా ఇరవై నిమిషాలుంది.

ఆదివారం చర్చి నుంచి వస్తుంటే బాపుకు ముద్ర సంగతి చెప్పాను. ఎప్పుడు చూసినవని అడిగాడు. మొదటి రోజేనన్నాను. ఆయన మోపెడ్‌ను బోధన్ వైపు తిప్పాడు.

గిర్నీ ఆదివారం కూడా నడుస్తోంది. మల్లయ్య కనుబొమలదాకా పిండి పట్టి తెల్లగా ఉన్నాడు. బాపు పావురం సంగతంతా చెప్పగానే మిషన్ ఆపి, చెక్కమెట్ల మీదుగా మమ్మల్ని పైకి తీసుకుపోయాడు. రేకుల కింద వరుసగా కోసిన నూనె డబ్బాలు, ఒక్కో డబ్బాలో ఒక్కో జంట. మూడో డబ్బాలో నా పావురం కూర్చుని ఉంది. పదకొండు కావొస్తోంది, దాని డ్యూటీ టైమే. మల్లయ్య దాన్ని కొద్దిగా పైకెత్తితే, పసుపు నూగుతో, కళ్లు తెరవని ఒక పిల్ల, దాని పక్కన ఒక గుడ్డు కనిపించాయి.

"పిల్ల నిన్ననే అయింది. ఏడు రోజులు ఆడది ఒక్కతే కూసున్నది సార్," అన్నాడు బాపుతో. "గింజలు దాని ముందరనే పెట్టిన. నీళ్లకు మాత్రం లేసేది." ఆ గుడ్డు తీసి, రేకుల సందులోంచి పడే ఎండకు పట్టి చూపించాడు. లోపల నల్లగా, కదలకుండా ఉంది. "గిది ఆగిపోయింది." తర్వాత నా తల మీద చెయ్యి వేస్తే జుట్టంతా పిండి అయింది. "పసుపు పెట్టి సాకినవంట కదా బిడ్డ. మంచిగ చేసినవ్. ఎగరరానిదాన్ని ఎట్ల ఇడుస్తవ్?"

బాపు నా వైపు చూడలేదు. రేకుల వైపు చూస్తున్నాడు.

"మంగళవారమే ఎగిరింది," అన్నాను. "గుడ్లున్నయని బుధవారం చెప్పిండు చాచా. నేను శుక్రవారం ఇడిచిన."

మల్లయ్య చాలాసేపు గుడ్డును అరచేతిలో పొర్లించాడు. "మొదటి రోజు ఆగిందో, గా మూడు రోజులల్ల ఆగిందో... గుడ్డును సూస్తె ఏర్పడదు బిడ్డ," అన్నాడు చివరికి. నన్ను తిట్టలేదు. ఊరుకోబెట్టనూ లేదు. గుడ్డును జేబులో వేసుకుని కిందికి దిగి, గిర్నీ మళ్లీ నడిపించాడు.

ఇప్పుడు ఆ ఫ్యాక్టరీ చిమ్నీ నుంచి పొగ రాదు. రుద్రూర్ చుట్టూ చెరుకు ఉన్న చోట ఎక్కువగా వరి, జనవరిలో రోడ్డు మీద ట్రాలీల వరుస లేదు, గడలు లాగే పిల్లలూ లేరు. గిర్నీ ఉన్న చోట మొబైల్ షాపు వచ్చింది. ఖాజా చాచా లేడు, మల్లయ్య లేడు. నేను నీటి పంపింగ్ స్టేషన్ల మెయింటెనెన్స్‌లో పనిచేస్తున్నాను. ఏ మోటారు ఏ రోజు, ఏ గంటకు, ఏ నిమిషంలో ఆగిందో తెర మీద చూసి చెప్పగలను, ఎందుకు ఆగిందో కూడా చాలాసార్లు చెప్పగలను. ఆ గుడ్డు ఆగింది శనివారానికీ మంగళవారానికీ మధ్య అయితే అది మాంజా చేసిన పని. బుధవారానికీ శుక్రవారానికీ మధ్య అయితే నాది.