బావి నీళ్లు పోసిన బ్యాటరీ

నౌపడ రైల్వే గేటు దాటగానే ఎడమ చేతి వైపు కనిపించే రేకుల షెడ్డు కన్యాకుమారిది. వానలు మొదలైతే ఉప్పు మడుల్లో పని ఆగిపోతుంది. ఉప్పు మోసే లారీలు రోడ్డు పక్కన వరసగా నెలల తరబడి నిలబడిపోతాయి. టైర్లూ ఇంజనూ అలా నిలబడడాన్ని ఎలాగో ఓర్చుకుంటాయి గానీ బ్యాటరీ ఓర్చుకోదు. మళ్లీ లోడు వచ్చేదాకా ఆ బ్యాటరీలను చావకుండా కాయడమే ఆమె బతుకుతెరువు.

ఈ పని మొదట ఆమె భర్త ఉమాపతిది. పద్నాలుగేళ్ల కిందట, ఛార్జింగులో ఉన్న బ్యాటరీ పక్కన ఎవడో డ్రైవరు బీడీ ముట్టించాడు. అందులోంచి వచ్చే గ్యాసు అంటుకుని బ్యాటరీ పేలి, యాసిడ్ ఉమాపతి మొహాన పడింది. ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండోది మసక. ఆ డ్రైవరు ఆ పూటే లారీ ఎక్కి పోయాడు, మళ్లీ పలకరించడానికైనా రాలేదు. షెడ్డు మూసేయమన్నారు చుట్టాలు. కన్యాకుమారి టెక్కలి దగ్గర రైతుల ఇంట పుట్టిన మనిషి. నాట్లు, కలుపులు తప్ప మరొకటి ఎరగదు. అయినా భర్తను గుమ్మంలో కుర్చీ వేసి కూర్చోబెట్టింది. ఆయన చెబుతూంటే తను చేస్తూ రెండేళ్లలో పని పట్టుకుంది.

పనిలో మాయేమీ లేదు. లారీ నిలిపిన రోజే నెగటివ్ వైరు విప్పేయాలి. లేకపోతే లోపలున్న గడియారమూ జీపీఎస్ డబ్బా కలిసి చుక్క చుక్కగా కరెంటు తాగేస్తాయి. నెలకోసారి బ్యాటరీ దించి నిదానంగా ఛార్జింగు పెట్టాలి. లోపలి సీసం పలకలు మునిగేటట్టు దుకాణంలో అమ్మే బ్యాటరీ నీళ్లు పోయాలి, వేరే నీళ్లు పోయకూడదు. ఉప్పుగాలికి టెర్మినళ్ల మీద పొంగే పచ్చటి బూజును వేడినీళ్లతో, సోడాతో కడగాలి. ఆ మాత్రం కూడా చేయనివాళ్లంటే ఆమెకు మొదటి నుంచీ రోత. "గేదికి కుడితెట్టడు. పాలివ్వనేదని కర్రెట్టి కొడతాడు," అనేది.

అలాంటివాళ్లలో ధనరాజ్ ఒకడు. నాలుగు లారీలున్నాయి, బజారులో దుకాణం ఉంది. ఎదురుపడితే "పిన్నీ, పిన్నీ" అంటాడు. కిందటేడు ఒక లారీకి కొత్త బ్యాటరీల జత వేయించాడు. వానలకు ముందు కన్యాకుమారి వాటిని దించుతానంటే, "కొత్తవి పిన్నీ, వాటికేటవుతాది?" అని నవ్వేశాడు.

భాద్రపదంలో ఒక వారం ఎండ కాసింది. ధనరాజ్‌కు లోడు దొరికింది. లారీ కదల్లేదు. డ్రైవరు గోవింద్ రెండు బ్యాటరీలూ దించి షెడ్డుకు మోసుకొచ్చాడు. కన్యాకుమారి మూతలు విప్పి టార్చి వేసి చూసింది. ఒకదాంట్లో నీళ్లు తుప్పు రంగులో ఉన్నాయి, పలకలకు తెల్లటి పొర పట్టేసింది. చనిపోయిన చేపను మూడో రోజు చూసినట్టు ఆమె మొహం తిప్పుకుంది. అయినా రెండు రోజులు నిదానంగా ఛార్జి ఎక్కించి చూసింది. ఒకటి కోలుకుంది. తుప్పు నీళ్లది తీగె తీసిన గంటకే పడిపోయింది. అది పోయిందని కబురు పంపింది.

మర్నాడు పొద్దున్నే ధనరాజ్ వచ్చాడు. వెంట లారీల యజమాని హరిబాబూ మరో ఇద్దరు లారీల వాళ్లూ ఉన్నారు. ధనరాజ్ నోట్లో సిగరెట్టు వెలుగుతోంది.

"ముందది బయట పారెయ్యి," అంది కన్యాకుమారి.

అతను గుమ్మం అవతలికి విసిరి, బ్యాటరీని కాలితో తన్నాడు. "ఇది నాది కాదు. నా కొత్తది తీసీసి, ఎవడిదో పాతది ఎట్టినావు."

షెడ్డులో ఎవరూ మాట్లాడలేదు. హరిబాబు బ్యాటరీలు ఆరేళ్లుగా ఆమె చేతి మీదే బతుకుతున్నాయి. అతను నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. మిగిలిన ఇద్దరూ అంతే. కన్యాకుమారికి ఆ ఒక్కడి అబద్ధం కంటే ఈ ముగ్గురి మౌనమే ఎక్కువ కంపు కొట్టింది. ఉమాపతి కుర్చీలోంచి తడుముకుంటూ లేవబోతే, భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టింది.

"గోవిందూ, కేబిన్లో వారంటీ కార్డు ఉంటాది. అట్టుకురా."

"కార్డెందుకు ఇప్పుడు?" అన్నాడు ధనరాజ్.

గోవింద్ యజమాని మొహం చూశాడు, ఆమె మొహం చూశాడు. తర్వాత వెళ్లి కార్డు తెచ్చాడు. ఆమె దాన్ని హరిబాబు చేతిలో పెట్టింది. "బ్యాటరీ మీద నెంబరు సదువు. కార్డు మీదదీ సదువు."

అతను గొణిగాడు. "అందరికీ ఇనపడేటట్టు సదువు," అంది. చదివాడు. ఒక్క అంకె తేడా లేదు.

"ఇందులో ఏ నీళ్లు పోసినారు?"

గోవింద్ ఆమె వైపు తిరిగి, సొంత అక్కతో అన్నట్టు చెప్పాడు. "ఉప్పు మడి పక్కన బావి నీళ్లప్పా. నాను వద్దన్నాను. నీళ్లు నీళ్లేరా, పొయ్యి అని ఈయనే అన్నాడు."

ధనరాజ్ నవ్వాడు. "సర్లే పిన్నీ, ఇప్పుడేటైపోనాది? పొరపాటు ఎవుళికైనా వస్తాది. నీ దగ్గరున్నదొకటి సర్ది, సాయంత్రానికి లారీ కదిలేటట్టు సూడు."

దొంగ అన్నప్పటి కంటే, మళ్లీ పిన్నీ అన్నప్పుడే ఆమెకు ఒళ్లు ఎక్కువ జలదరించింది. రెండు బ్యాటరీలనూ ఒకదాని తర్వాత ఒకటి మోసుకెళ్లి రోడ్డు అంచున పెట్టింది. సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కుంది.

"పోన్లే అప్పా, యాపారంలో..." అంటూ హరిబాబు మొదలుపెట్టాడు.

"నువ్వు మాటాడకు. మాటాడాల్సినప్పుడు నీకు నోరు నేకపోనాది."

ఆ సాయంత్రమే గోవింద్ పని పోయింది. ఆ సంగతి తెలిసి కన్యాకుమారి రాత్రి అన్నం తినలేదు. మర్నాడు రైలెక్కి ఆమదాలవలస వెళ్లింది. అక్కడ ధాన్యం వ్యాపారం చేసే అనూరాధ అనే ఆవిడ లారీలకు కన్యాకుమారి గతంలో రెండేళ్లు బ్యాటరీలు చూసిపెట్టింది. జరిగింది జరిగినట్టు చెప్పి, "మనిషి నిజం సెప్పి పని పోగొట్టుకున్నాడమ్మా," అంది. వారం తిరక్కుండా గోవింద్ అక్కడ లారీ ఎక్కాడు.

ధనరాజ్ కొత్త బ్యాటరీ కొనుక్కుని, ఆమెకు పొగరని బజారంతా చెప్పుకున్నాడు. ఈ ఏడు వానల్లో ఆ లారీ బ్యాటరీలకూ వైరు విప్పలేదు, నీళ్లు చూడలేదు. ఉప్పు లోడింగు మొదలైన రోజు అతని లారీని ఇంకో లారీకి గొలుసు కట్టి లాగాల్సి వచ్చింది. హరిబాబుతో కబురంపాడు, ఒక్కసారి వచ్చి చూడమని. ఆమె వెళ్లలేదు. హరిబాబు బ్యాటరీలను చూడడం మాత్రం మానలేదు. నెల నెలా దించుతుంది, ఛార్జింగు పెడుతుంది, మళ్లీ బిగిస్తుంది. అతను వచ్చినప్పుడు కూర్చోమని అనదు.

"ఇంకా కోపమేటే?" అని అడిగాడు ఉమాపతి ఒక మధ్యాహ్నం.

"కోపమైతే ఈపాటికి సల్లారిపోయేది," అంది ఆమె, టెర్మినలు మీద బూజు గీకుతూ. "ఆళ్ల మొహాలు సూస్తే నాకు ముద్ద దిగదు."