యాభై గ్రాముల మరమరాలు

ఇప్పుడు హైటెక్ సిటీ పక్కన ఇల్లుందంటే జనం కాస్త గౌరవంగా చూస్తారు గానీ, మేం హఫీజ్‌పేట్‌లో అద్దెకున్న కాలంలో "అబ్బో అంత దూరమా, అక్కడ మనుషులుంటారా" అని చుట్టాలు జాలిపడేవారు. ఎటు చూసినా బండరాళ్ళ గుట్టలు, మధ్యలో మట్టిరోడ్డు, దూరంగా అప్పుడప్పుడే లేస్తున్న గాజు మేడలు. ఆ మేడల్లో ఒకదాంట్లో నాకు కొత్తగా ఉద్యోగం దొరికింది. కంప్యూటర్లలో సంవత్సరాన్ని రెండంకెలతో రాసిన చోటల్లా నాలుగంకెలు చెయ్యడం మా పని. అది చెయ్యకపోతే కొత్త శతాబ్దం మొదటిరోజున బ్యాంకులు మూతబడతాయని, విమానాలు రాలిపోతాయని మా మేనేజరు రోజూ బెదరగొట్టేవాడు. నేనూ లోకాన్ని కాపాడేస్తున్నాననే ధీమాతో కాలరెగరేసుకు తిరిగేవాణ్ణి. ఇంట్లో కళ్ళెదుట మావయ్య చిక్కి సగమైపోతుంటే కారణం కనిపెట్టలేనివాణ్ణి, లోకాన్ని కాపాడతానట!

మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు. గుంటూరు వైపు నుంచి ఉద్యోగరీత్యా వచ్చి ఇక్కడే పాతుకుపోయాడు. నీళ్ళ సరఫరా శాఖలో ఇంజనీరు. ఆయనకు ప్రపంచమంతా నీళ్ళ రూపంలోనే కనబడేది. బకెట్‌లో నీళ్ళు చూసి ఎన్ని లీటర్లో చెప్పేసేవాడు, బోరు చప్పుడు విని భూమిలో నీరెంత అడుగంటిందో చెప్పేసేవాడు. తిండిపుష్టి గల మనిషి. అత్తయ్య వడ్డించడం, ఆయన తినడం, ఆయన తింటుంటే ఆవిడ మురిసిపోవడం, ఇదీ ఆ ఇంటి సంబరం. వాళ్ళకు పిల్లల్లేరు. ఒకరికొకరే దిక్కు, మధ్యలో పూటకూళ్ళు తినడానికొచ్చినవాడిలా నేను.

అలాంటి ఇంట్లోకి చక్కెరవ్యాధి వచ్చింది. మావయ్య వాళ్ళ నాన్నగారికి, అంటే మా తాతయ్యకు, ఇదే జబ్బుతో ముందు కాలు పోయి, తర్వాత ప్రాణం పోయింది. అందుకని డాక్టరు "షుగర్" అనగానే మావయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. డాక్టరు మాత్రం పెన్ను తిప్పుకుంటూ "ఫికర్ చెయ్యకండి సార్. పూటకి నూట యాభై గ్రాముల అన్నం, రెండొందల గ్రాముల ఆకుకూర, సాయంత్రం ఆకలేస్తే యాభై గ్రాముల మరమరాలు. ఈ గోలీలు వేసుకోండి. నెల తర్వాత కనబడండి" అన్నాడు. మావయ్య ఆ మాటల్ని మంత్రంలా వల్లించుకుంటూ ఇంటికొచ్చాడు.

ఇంట్లో త్రాసు లేదు. ఎవరింట్లో ఉంటుంది కనక? ఉన్నదల్లా, ఆఫీసు ప్రయోగశాలలో అంచు విరిగిందని పారేయబోతే మావయ్య ముచ్చటపడి తెచ్చుకున్న గాజు బీకరు. దాని ఒంటి మీద మిల్లీలీటర్ల గీతలు. "ఇదిగో కొలత!" అన్నాడు మావయ్య. "మిల్లీలీటరంటే గ్రాము, లీటరంటే కిలో. నా సర్వీసంతా ఈ లెక్క మీదే ఊళ్ళకి నీళ్ళు తాగించాను. ఇంతవరకు ఎవడూ కాదన్లేదు." నీళ్ళ విషయంలో ఎవడు మాత్రం కాదంటాడు? అత్తయ్యకూ అనుమానం రాలేదు. "మా అమ్మ జన్మంతా సోల, గిద్దలతోనే కొలిచి వండింది. ఇదీ అలాంటిదేగా, కాకపోతే గాజుది" అంది. ఇక నేను. (డిగ్రీలో సాంద్రతకు నిర్వచనం రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. ఆ నిర్వచనాన్ని పరీక్ష హాల్లోనే వదిలేసి వచ్చాను.)

అప్పట్నుంచి మా వంటింట్లో నవ్వు మాయమైంది. అన్నం పొడిపొడిగా చల్లార్చి బీకరులో గీత దాకా పొయ్యాలి, పైన గరిటె కాడతో సాపు చెయ్యాలి. అత్తయ్య ప్రాణం ఒప్పక వేళ్ళతో కాస్త అదిమితే మావయ్య కేకేసేవాడు. "నొక్కకు! నొక్కితే తూకం పెరుగుతుంది!" (ఆ మాట అన్న నోటితోనే ఇంకొక్క అడుగు ముందుకేసి ఆలోచించి ఉంటే మా బతుకులు బాగుపడేవి.) తోటకూర తరిగి, ఉండ చుట్టకుండా, ఆకు మీద ఆకు పడేలా బీకరులో వేసేవారు. పైకి చూస్తే బోలెడంత. పొయ్యి మీద పెట్టాక అది అరచేతిలో గోరింటాకు చుక్కంత మిగిలేది. ఇక సాయంత్రం మరమరాలు. బీకరు అడుగున యాభై గీత దాకా పోస్తే గుప్పెడు కూడా వచ్చేవి కావు. మావయ్య వరండాలో కూర్చుని, స్టేషన్ వైపు పోయే రైళ్ళను చూస్తూ, ఒక్కొక్క మరమరాన్నే నోట్లో వేసుకునేవాడు. ఆ దృశ్యం చూడలేక నేను లోపలికి పోయేవాణ్ణి.

కొద్దిరోజులకే మనిషి కళ తప్పింది. చొక్కా హ్యాంగరుకు తగిలించినట్టు వేలాడేది. పొద్దున పదకొండు కాకుండానే చెమటలు, చేతుల వణుకు, కళ్ళు తిరగడం. ఆఫీసుకు సెలవు పెట్టేశాడు. "నాన్నకూ ఇలాగే మొదలైందిరా" అన్నాడొకరోజు నాతో, అత్తయ్య వినకుండా. డాక్టరు దగ్గరికి పోదామంటే "నెల తర్వాతే కదా రమ్మన్నాడు" అన్నాడు. అత్తయ్యకు వినబడనే వినబడింది. ఆవిడ ఆ రోజు నుంచి "ఆయన అంతే తింటుంటే నాకు ముద్ద ఎలా దిగుతుంది" అని తనూ ఆ బీకరుతోనే వడ్డించుకోవడం మొదలెట్టింది. వాళ్ళిద్దరి మధ్యా కూర్చుని కంచం నిండా తినడానికి మొహం చెల్లక నేనూ అంతే పెట్టించుకునేవాణ్ణి. (నిజం చెప్పొద్దూ, ఆఫీసు నుంచి వస్తూ కొండాపూర్ చౌరస్తాలో బండి దగ్గర మిరపకాయ బజ్జీలు లాగించి, రుమాలుతో మూతి తుడుచుకుని, విచారంగా మొహం పెట్టి ఇంట్లోకి అడుగుపెట్టేవాణ్ణి.)

మా ఇంటి ఓనరమ్మ ఆ ఊరి మనిషి, పాలవ్యాపారం చేసే కుటుంబం. ఒకరోజు వేడివేడి జొన్నరొట్టెలు పట్టుకుని వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఏందమ్మా, సారు గిట్ల ఎండిపోయిండు? ఎవలదో పాడు దిష్టి తాకినట్టుంది. జర ఈ రొట్టె తినిపియ్యి, బలమొస్తది." మావయ్య నీరసంగా లేచి, రొట్టెను తుంచి బీకరులో వేశాడు. రెండు ముక్కలు పడేసరికి గీత దాటిపోయింది. మిగతా రొట్టె తిరిగి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ రొట్టె వంకా, బీకరు వంకా, మా మొహాల వంకా చూసి "రొట్టెను గలాసల కొలుసుడు నా జిందగీల సూడలే! ఇగ ఇది దిష్టి గాదమ్మా, గాలి సోకింది" అని తేల్చేసింది. సాయంత్రం ఎండుమిరపకాయలు, ఉప్పు తెచ్చి దిగదుడిచి నిప్పుల్లో వేసింది. అందరం అరగంట దగ్గాం. మావయ్య దగ్గడానికి కూడా ఓపిక లేక గోడకు ఆనుకున్నాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం మావయ్య అత్తయ్యను పెరట్లో మోటారు దగ్గరికి పిలిచాడు. నన్ను తీగచుట్ట పట్టుకుని నిలబడమన్నాడు. "చూడు, మోటారు తిరక్కపోతే కంగారు పడకు. ముందు మెయిన్ దించు. ఇదిగో ఈ పింగాణీ ముక్క ఊడదియ్యి. తీగ కాలిపోయి ఉంటుంది. రెండు పోగులు చాలు, మూడొద్దు. ఇలా చుట్టి బిగించు." అత్తయ్య స్క్రూడ్రైవరు పట్టుకునే నిలబడింది. "ఇవన్నీ నాకెందుకండీ? మీరున్నారుగా?" మావయ్య తీగ తుంచి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారిపోతున్నాయి. "ఏడిస్తే తీగ కనబడదు. ముందు ఫ్యూజు, ఏడుపు తర్వాత" అన్నాడాయన. ఆ తర్వాత గ్యాసు సిలిండరు మార్చడం, బ్యాంకులో సంతకం పెట్టడం, అన్నీ నేర్పాడు. పోయేవాడు ఇల్లు సర్దినట్టు సర్దాడు. నాకైతే ఏడుపొచ్చేసింది.

సర్దుళ్ళలో భాగంగానే మరమరాల సంచి బయటపడింది. నెల మొదట్లో స్టేషన్ దగ్గరి కొట్లో కిలో తెచ్చాను. రోజుకు యాభై గ్రాముల చొప్పున ఇరవై రోజుల్లో సంచి ఖాళీ కావాలి. నెల దగ్గరపడుతున్నా అది బొజ్జ వేసుకుని అలాగే కూర్చుంది. మావయ్య దాన్ని చేత్తో తడిమి చూశాడు. "ఆ కొట్టువాడు పొరపాటున ఎక్కువ తూచాడ్రా, పాపం. ఒకరి సొత్తు ఇంట్లో ఉంచుకుని నేను పోలేను. బండి తియ్యి" అన్నాడు. ఎంత చెప్పినా వినలేదు. స్కూటరు మీద నా వెనక మావయ్య, మా ఇద్దరి మధ్య సంచి. ఆయన బరువు కన్నా ఆ సంచే గట్టిగా నా వీపుకు తగిలింది.

కొట్టాయన సంచి విప్పి చూసి "వాపస్ ఎందుకు సార్, మెత్తవడ్డయా?" అన్నాడు. "లేదయ్యా, నువ్వే ఎక్కువిచ్చావు. నీది నువ్వు తీసుకో" అన్నాడు మావయ్య. ఆయన తక్కెడలో పెట్టి "ఎక్కువేడిది సార్, కిలోకు తక్కువనే ఉన్నయి. మీరు తిననే తినలే" అన్నాడు. "రోజూ తింటున్నాను. యాభై గ్రాములు!" "గట్లయితే ఎప్పుడో ఒడిసిపోవాలె గద." మావయ్యకు రోషం వచ్చింది. "ఏదీ, నా ముందర యాభై గ్రాములు తూచు చూద్దాం!" కొట్టాయన ఒక పళ్ళెంలో చిన్న రాయి వేసి, రెండో పళ్ళెంలో మరమరాలు పొయ్యడం మొదలెట్టాడు. పోశాడు. ఇంకా పోశాడు. పళ్ళెం నిండి, గుట్టగా లేచి, చుట్టూ జారి పడుతుంటే గానీ ముల్లు కదల్లేదు. చివరికి కాగితంలో చుడితే మూర పొడుగు పొట్లం అయింది. మావయ్య వేళ్ళతో బీకరు అడుగు గీతంత ఎత్తు చూపిస్తూ "ఇంత కదూ?" అన్నాడు. "నమ్మకం లేకుంటే మళ్ల జోకుత సార్" అన్నాడు కొట్టాయన.

మావయ్య బల్ల మీద కూలబడ్డాడు. పొట్లం వంక చూశాడు, ఆకాశం వంక చూశాడు. "ఒరేయ్ అల్లుడూ" అన్నాడు మెల్లగా, "మరమరాలు నీళ్ళు కావురా." నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అన్నం, ఆకుకూర, రొట్టె, నెల్లాళ్ళుగా ఆయన నోటికి అందనిదంతా ఒక్కసారి కళ్ళముందు తిరిగింది. ఆయన పొట్లం విప్పి గుప్పిళ్ళతో తిన్నాడు. తింటూ ఏడ్చాడు. ఖాళీ కాగితం మడిచి "ఇంకో యాభై జోకవయ్యా" అన్నాడు.

ఇంటికెళ్ళి చెబితే అత్తయ్య రాయిలా నిలబడి విన్నది. ఆనక విరుచుకుపడింది. "మరమరాలు తూచడం చేతకాదు గానీ, మీరు లేకుండా ఎలా బతకాలో నాకు పాఠాలు చెప్పారా? మోటారు విప్పించారు, సిలిండర్లు మోయించారు! మనిషేనా మీరు?" తిడుతూనే పొయ్యి వెలిగించింది, తిడుతూనే వడ్డించింది, మావయ్య తిట్లూ అన్నమూ కలిపి తిన్నాడు. డాక్టరు తల పట్టుకుని, తిండి లేకుండా గోలీలు మింగితే చక్కెర మరీ పడిపోయి వణుకు రాదా అని కేకలేసి, గోలీలు తగ్గించాడు. మర్నాడే ఇంట్లోకి త్రాసు వచ్చింది. చెయ్యి వణుకూ పోయింది.

ఆ తర్వాత మావయ్య చాలా ఏళ్ళు బతికాడు. చివరికి షుగర్‌తో కాదు, ఒక మధ్యాహ్నం కునుకులోనే పోయాడు. కర్మలు అయిన మర్నాడు ఇంటినిండా చుట్టాలు, ట్యాంకులో చుక్క నీళ్ళు లేవు, మోటారు తిరగదు. మగవాళ్ళమంతా స్విచ్చిబోర్డు చుట్టూ మూగి తలా ఒక మాట అంటున్నాం. అప్పటికి నేను గాజు మేడలో పెద్ద మేనేజర్ని, నా మాట అందరికన్నా గట్టిగా వినబడుతోంది. లోపల గోడవారగా కూర్చున్న అత్తయ్య లేచింది. సొరుగులోంచి స్క్రూడ్రైవరు తీసింది. మెయిన్ దించి, పింగాణీ ముక్క ఊడదీసి, రెండు పోగులు చుట్టి బిగించింది. మోటారు గుర్రుమంది. పైన ట్యాంకులో నీళ్ళు పడే చప్పుడు వినబడే దాకా ఆవిడ అక్కడే నిలబడింది. అప్పుడు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని భోరుమంది.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగింది. "ఆ రోజు తీగచుట్ట పట్టుకుని నువ్వూ పక్కనే నిలబడ్డావుగా. నేర్చుకోలేదురా?"

"లేదత్తయ్యా" అన్నాను. "నాకప్పుడు ఆకలేస్తోంది. బజ్జీల గురించి ఆలోచిస్తున్నాను."

మావయ్య పోయాక అత్తయ్య నవ్వడం అదే మొదటిసారి. నవ్వుతూనే లోపలికి వెళ్ళి నాకు అన్నం పెట్టింది, గట్టిగా నొక్కి మరీ.