నా ఎత్తు బండ

బ్రూస్‌పేటలో మా ఇల్లు కట్టేటప్పుడు మా ఆయన నన్ను ఇటుకల మధ్య నిలబెట్టి, ఉత్త గాలిలో జొన్నరొట్టె తట్టమన్నాడు. నా చేతులు ఆడినచోట గోడమీద బొగ్గుతో గీత గీసి, సరిగ్గా ఆ ఎత్తులోనే వంటగదిలో కడప బండ వేయించాడు. నేను బాగా పొట్టిదాన్ని మరి.

ఆయన పోయాక ఒక్కదాన్నే ఉండలేక ఇల్లు అమ్మకానికి పెట్టాను. చూడవచ్చినవాళ్ళంతా ఆ బండ దగ్గర నడుం వంచి నవ్వేవాళ్ళు.

"అక్కా, ఎత్తుగా గ్రానైట్ ఏపిచ్చు. ఇల్లు బిరీన పోతాది" అన్నాడు బ్రోకరు. సరేనన్నాను.

మేస్త్రీ పాత బండ పగలగొడుతూ, "ఎవురమ్మా ఇంత కిందికి పెట్టిచ్చినోడు? ఆయప్పకు కొలతలు రావా ఏంది?" అన్నాడు.

"బాగా వచ్చప్పా, నాకంటే బాగా వచ్చు" అన్నాను.

కొత్త బండ అద్దంలా మెరిసింది. మరునాడు రొట్టె తట్టబోతే అది నా గుండెల దాకా వచ్చింది. పీట వేసుకుని ఎక్కినా చేతులు కుదరలేదు, రొట్టె అంచులు చిరిగిపోయాయి. పీట దిగి, పిండి పళ్ళెం తీసుకుని నేలమీద కూర్చున్నాను. ఈసారి నన్ను నిలబెట్టి కొలిచే మనిషి లేడు. తట్టిన రొట్టెమీద కన్నీళ్ళు పడుతుంటే, చెయ్యి ఆపకుండా తడుతూనే ఉన్నాను.