టైడా పైవాలులో తెల్లపువ్వు

మా ఆయన ఆశ్రమ పాఠశాలలో మాస్టారు. టైడా దగ్గర కాపురం పెట్టేనాటికి పాపకి ఏడో నెల. బీయస్సీలో వృక్షశాస్త్రం చదివాను కానీ, ఆ అడవిలో నా కళ్ళు మొక్కలకంటే దోమలనే వెతికేవి. పాప ఒళ్ళు కాస్త వెచ్చబడితే మలేరియా అనుకునేదాన్ని. టోపీ, మేజోళ్ళు లేకుండా గడప దాటించేదాన్ని కాదు.

ఆ వానాకాలం, మాకు కట్టెలు తెచ్చే కొండమామ్మ ఒక పువ్వు సంగతి చెప్పింది. తెల్లగా, అంచులు చీలికలుగా, ఎగరబోయే కొంగలా ఉంటుందట. మండలం మొత్తానికి కొండ పైవాలులో ఒక రాతి పక్కనే పూస్తుందట.

ఆదివారం పాపని మా ఆయనకి అప్పగించి వెళ్ళాను. ఉన్నవి మూడే మొక్కలు. ఒక్కదానికే పువ్వు. దాన్నే వేళ్ళతో సహా పెకలించి తెచ్చాను. కాలేజీలో నేర్పింది అదే మరి: వేరు లేని మొక్కకి సగం మార్కులే. ఆరబెట్టి, అట్టకి కుట్టి మా లెక్చరర్‌గారికి పంపాలని ఆశ.

మర్నాడు న్యూస్‌పేపరు మడతల్లో దాన్ని చూసి మామ్మ మండిపడింది.

“ఏటి సేసినావమ్మా! కాగితాల్లో ఏటి తిని బతుకుతాదిది?”

మొక్క అడుగున రెండు దుంపలున్నాయి. ఒకటి ముడతలు పడింది, ఒకటి నున్నగా ఉంది. నున్నదాన్ని వేలితో తట్టింది.

“ఇది వచ్చే ఏడాది మొలిసేది. మేం కూరకి దుంప తవ్వినా తలకాయ గోతిలోనే పెట్టి వత్తాం. సదువుకున్నదానివి, ఇల్లంతా ఊడ్సుకొచ్చీసినావు. బేగి నడు, ఎండిపోతాది.”

మా ఆయన బడికి వెళ్ళిపోయారు. బయట తుంపర.

“పాపకి జలుబు చేస్తుంది మామ్మా.”

“పసిగుంటని సీసాలో పెట్టి పెంచుతావేటి?”

తన గుడ్డతో పాపని వీపుకి కట్టుకుని ముందు నడిచింది. నేను గొడుగు పట్టుకుని వెనకాల పరిగెత్తాను. గొడుగు పాపకి ఒక్కసారీ అందలేదు. పాత గోతిలోనే దుంప పెట్టి మట్టి కప్పాం.

పాపకి తుమ్ము కూడా రాలేదు. మొక్క బెంగ మాత్రం నన్ను ఏడాదంతా వదల్లేదు. దుంప తీసేశాక మిగిలిన పువ్వుని అట్టకి కుట్టాను కానీ పంపలేదు. అట్ట మీది చీటీలో ‘దొరికిన చోటు’ అన్న గడి నింపబుద్ధి కాలేదు.

మళ్ళీ వానలకి మామ్మా, పాపా, నేనూ వెళ్ళాం. గోతి దగ్గర వేలెడంత ఆకులు రెండు. మొగ్గ లేదు.

“పూస్తుందా మామ్మా?”

“నీ గుంట పుట్టగానే నడిసిందేటి?”

పాప తప్పటడుగులతో అటే వెళ్ళి చెయ్యి చాపింది. వద్దనబోయి ఊరుకున్నాను. ఆకుని వేలితో తాకి, వదిలేసి వచ్చింది.