లాన్ అక్క ఒక పట్టాన చావదు

లాన్ అక్కతో వచ్చిన చిక్కల్లా ఒక్కటే. ఆవిడ ఒక పట్టాన చావదు.

పదహారో ఏట నాటక సమాజంలో ఉండగా వేదిక మీద విషం తాగి, పదకొండు చరణాలు పాడిందట. పన్నెండోది ఎత్తుకునేసరికి గంట వాయించే ఫుంగ్‌కి కునుకు పట్టేసింది. తర్వాత హాంకాంగ్ సినిమాల్లో హీరోయిన్ అయింది, తల్లి వేషాలకు దిగింది, చివరికి టీవీ సీరియళ్లలో మంచం మీది నాయనమ్మగా స్థిరపడింది. నాయనమ్మకు ఉండే పనే పోవడం. ఆ ఒక్క పనీ ఆవిడ తెమల్చదు. ఒకసారి మూడు తూటాలు తగిలాక లేచి కూర్చుని, "కోడలా, నీ దగ్గు తగ్గిందా?" అని అడిగింది. కథలో కోడలికి దగ్గే లేదు.

పదేళ్లుగా ఆవిడ ముఖానికి చావుకళ పులిమే మేకప్ మనిషి వాన్సీ. ఉండబట్టలేక ఒకనాడు అడిగేసింది.

"ఎందుకక్కా అంత సాగదీస్తావు?"

"తొందరగా పోతే ఇంటికే కదే వెళ్లాలి. ఆ పద్నాలుగో అంతస్తులో నాతో మాట్లాడేది లిఫ్టొక్కటే."

నవ్వుతూనే అంది. వాన్సీకి మాత్రం మనసు చివుక్కుమంది. మొగుడూ పిల్లలూ లేని మనిషి. గుప్పెడు బియ్యం కడిగి, ఎదురుగా టీవీ పెట్టుకుని, అందులో తన చావే చూస్తూ తింటుంది.

అసలు సంగతి మొన్న శీతాకాలంలో బయటపడింది. లాన్ అక్కకు జ్వరం వస్తే, ఆ రోజు వేరే ఆవిడ వచ్చి చక్కగా ఒక్క నిమిషంలో పోయింది. మంచం చుట్టూ ఏడ్చే ఎనిమిది మంది ముసలివాళ్లను పదకొండున్నరకే పంపేశారు. పన్నెండింటికి సెట్లో ఉన్నవాళ్లకే భోజనం డబ్బా. అందరూ లాన్ అక్క పాత సమాజం వాళ్లే, అందరూ ఒంటిగాళ్లే. ఫుంగ్ తాత అన్నం తినడానికి తెచ్చుకున్న పుల్లల జతను మళ్లీ జేబులో పెట్టుకుని వెళ్లడం వాన్సీ చూసింది. పదేళ్ల సాగదీత అంతా ఆమెకు ఒక్కసారిగా అర్థమైంది.

ఈలోగా మోక్ అని కొత్త దర్శకుడు వచ్చాడు.

"అమ్మా, ఇవాళ ఒక్క నిమిషంలో పోవాలి. లేదంటే వచ్చే సీరియల్‌కి వేరే నాయనమ్మను చూసుకుంటాను."

లాన్ అక్క గోడ గడియారం చూసింది. పదకొండూ ఇరవై. ఏడ్చేవాళ్ల వంక చూసింది.

"నువ్వు పో అక్కా," అన్నాడు ఫుంగ్ తాత మెల్లగా. "మేం బయట ఏదో తింటాంలే."

ఆవిడ కళ్లు మూసుకుంది. నిమిషం కూడా పట్టలేదు.

"కట్. అద్భుతం," అన్నాడు మోక్. "ఏడ్చేవాళ్లు ఇక వెళ్లొచ్చు."

ఎవరూ కదల్లేదు. తెర మీద పోయినవాళ్ల చేతిలో డబ్బులున్న ఎర్ర కవరు పెట్టి కీడు దింపేదాకా సెట్లోంచి ఎవరూ అడుగు బయట పెట్టరు. ఆ కవరు సిద్ధం చేసేది వాన్సీ.

"ఇందాకే చూశానండీ," అంటూ వాన్సీ స్టూలు మీంచి లేవకుండానే మేకప్ పెట్టెంతా వెతికింది. పౌడరు తీసింది, దువ్వెనలు తీసింది, పదేళ్ల నాటి సవరం కూడా తీసింది.

మోక్ విసుగెత్తి తెల్ల కవరు ఒకటి పట్టుకొచ్చాడు. అది చావింట్లో ఇచ్చే రంగు. లైట్లవాళ్లు నిచ్చెనలు దిగి దూరంగా నిలబడ్డారు.

"అది నాకొద్దు బాబూ," అంది శవం, కళ్లు తెరవకుండా. "నిజంగా పోయినప్పుడు ఇద్దువుగాని."

పన్నెండు కొట్టింది. భోజనాల బండి చప్పుడు వినబడగానే వాన్సీ స్టూలు మీంచి లేచింది. కవరు ఆమె కూర్చున్న చోటే ఉంది.

లాన్ అక్క దాన్ని అందుకుని చూసింది. "ఇంత నలిగిందేమే?"

"నీ దగ్గరే కదక్కా నేర్చుకున్నాను సాగదీయడం."

ఆ మధ్యాహ్నం చావుకళ తుడుచుకోకుండానే ఆవిడ ఎనిమిది మంది మధ్య మంచం మీద కూర్చుని తింది. తన డబ్బాలోని చేపముక్క ఫుంగ్ తాతకు వేసింది.

ఆ తర్వాత లాన్ అక్క మరో పదకొండుసార్లు పోయింది. ప్రతిసారీ ఒక్క నిమిషంలోనే. మోక్ ఎంతో మెచ్చుకుంటాడు. ఎర్ర కవరు మాత్రం పన్నెండుకు ముందు ఏనాడూ దొరకలేదు.