మా ఆవుకు టీకా ఉంది, నాకు లేదు

ఆ రోజు మిరప చేలో సాలు మధ్యలో నా కాళ్ళు ఆగిపోయాయి. వీపున పెట్రోలుతో నడిచే మందు పంపు ఉంది. నిండా పోస్తే మేనల్లుణ్ణి మోసినట్టు ఉంటుంది, కాకపోతే అది జుట్టు పీకదు. రోజంతా దాన్ని మోసేవాణ్ణి. ఆ రోజు రెండు సాళ్ళకే గుండె చెవిలో కొట్టుకుంది. మిరప చెట్లు ఒక్కసారి నల్లగా మారి, కాసేపటికి మళ్ళీ పచ్చబడ్డాయి. పంపు ఆపి సాల్లోనే కూర్చున్నాను.

గట్టు మీద నుంచి నాన్న అరిచాడు. "ఏరా, ధ్యానమా?"

"కాదు నాన్నా, తామర పురుగులతో మాట్లాడుతున్నా. మర్యాదగా వెళ్ళిపొమ్మంటే వినట్లేదు."

అక్కడే చెడింది. ఊళ్ళో జోకులేసేవాడికి ఒక కష్టం ఉంది. వాడికి జబ్బు చేస్తే అది కూడా జోకే అనుకుంటారు.

మాది అద్దంకి దగ్గర ఊరు. కౌలుకు తీసుకున్న మిరప చేను మాకు ఆధారం. నాన్నకు మోకాళ్ళు అరిగాయి కాబట్టి పంపు మోసేది నేనొక్కణ్ణే. నేను లేవకపోతే పంట కూడా లేవదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. నేను లేవలేకపోతున్నానన్న సంగతే ఎవరికీ తెలియదు.

తర్వాత మేడ మెట్లెక్కినా ఆయాసం వచ్చేది. వంటింట్లోకి వెళ్ళినప్పుడల్లా చెయ్యి దానంతటదే బియ్యం డబ్బాలోకి పోయేది. పచ్చి బియ్యం అంత రుచిగా ఉంటాయని అంతకుముందు తెలియదు.

"బియ్యం బొక్కమాకురా, పెళ్ళినాడు వాన పడుద్ది" అని అమ్మ కసిరింది.

ఆ ఏడు వాన వెనకబడింది కాబట్టి ఊరి మేలు కోరి ఇంకో గుప్పెడు తిన్నాను.

అమ్మ దృష్టిలో నాకు వేడి చేసింది. మా వైపు మిరప చేలో పనిచేసేవాడికి జలుబు చేసినా వేడే. రోజూ మజ్జిగ తాగించింది. ఆ పైన విరేచనాలు మొదలయ్యాయి. ఊళ్ళో మందుల షాపు నా స్నేహితుడు బాజీది. వాడొక యాంటీబయాటిక్ ఇచ్చాడు. నాలుగు రోజులు ఆగింది, మళ్ళీ పట్టుకుంది. ఇంకోటి ఇచ్చాడు. మళ్ళీ అంతే.

"ఈసారి రెండూ కలిపి కొట్టు మామా" అన్నాడు.

పురుగు లొంగకపోతే పంపులో రెండు మందులు కలిపి కొట్టడం మా అలవాటు. అందుకే నాకు అనుమానం రాలేదు. నా పొట్ట కూడా ఒక చేనే అనుకుని కొట్టాను. పంపు మోయలేనివాణ్ణి కనీసం మందైనా మోశాను.

ఒక పొద్దున కూలీలు వచ్చి కూర్చున్నారు, నేను మంచం దిగలేదు. నాన్న గుమ్మంలో నిలబడి, "పంపు కూడా మొయ్యలేనోడివి, నువ్వు ఉండి ఎందుకురా?" అన్నాడు. ఆయనా అమ్మా కూలీలతో చేలోకి వెళ్ళిపోయారు. కాసేపటికి బాజీ వచ్చి, వెలుతురులో నా మొహం చూసి భయపడ్డాడు.

"ఒరేయ్, పెదాలకు సున్నం వేశావా? పద, ఒంగోలు పోదాం."

ఆస్పత్రిలో డాక్టరమ్మ నా కింది రెప్ప లాగి చూసింది. "ఇన్నాళ్ళూ ఎలా నడిచారు బాబూ?"

"నెమ్మదిగా మేడమ్."

నవ్వలేదు. సీబీసీ రాసింది, స్టూల్ టెస్ట్ రాసింది. రిపోర్టులు చూసి, "హిమోగ్లోబిన్ ఐదు పాయింట్ ఎనిమిది. అడ్మిట్ అవ్వాలి, రక్తం ఎక్కించాలి. స్టూల్‌లో హుక్‌వార్మ్ ఉంది. కొంకి పురుగు అంటారు. పేగు గోడకి పట్టుకుని రక్తం తాగుతుంది. చేలో చెప్పులు లేకుండా తిరుగుతారా?" అంది.

తిరగనివాళ్ళు ఎవరు? మాది నల్లరేగడి. చినుకు పడితే ఒక్కో చెప్పుకు సగం చేను అంటుకుంటుంది. పైగా చేనంటే లక్ష్మి, చెప్పులతో దిగితే నాన్న ఒప్పుకోడు. గట్టు మీద చెప్పులు వదిలి చేలో దిగుతాం. ఊళ్ళో కొందరు అదే చేలోకి చెంబుతో కూడా వెళ్తారు. వాళ్ళ కడుపులోని పురుగు గుడ్లు మట్టిలో పడి, పిల్లలై, మన పాదం చర్మంలోంచి లోపలికి వస్తాయట. వానలప్పుడు వేళ్ళ సందుల్లో దురద పుడితే ఎరువు పడలేదనుకున్నాను. అది గృహప్రవేశమని తెలియదు.

నర్సు వచ్చి ఒక బిళ్ళ చేతిలో పెట్టి నమిలి మింగమంది. బాజీ రక్తం ఇచ్చేవాళ్ళ కోసం ఫోన్లు చేస్తూ బయట తిరుగుతున్నాడు. ఇంట్లో కంగారు పడతారని నేను అమ్మకు ఫోన్ చేశాను.

"అమ్మా, పురుగుల మందు వేసుకున్నా. ఇంక ఏ బాధా ఉండదులే."

అప్పుడే చార్జింగ్ అయిపోయి ఫోన్ ఆగిపోయింది.

నేను చెప్పింది అక్షరాలా నిజం. కానీ పత్తీ మిరపా పండే మా ఊళ్ళలో ఆ మాటకు ఉన్న అర్థం ఒకటే. మా వీధిలోనే రెండిళ్ళలో ఆ మాట విన్నాం. అది గుర్తొచ్చేసరికి నా చేతిలో ఉన్నది ఆరిపోయిన ఫోను. బాజీ ఫోనుకు ఇంటినుంచి వచ్చిన కాల్స్ అన్నీ, రక్తం కోసం చేస్తున్న కాల్స్ మధ్యలో కొట్టుకుపోయాయి. చివరికి ఒకటి ఎత్తి "ఒంగోల్లో ఆస్పత్రిలో ఉన్నాం, రక్తం కావాలి" అన్నాడట. వాడు చెప్పిందీ నిజమే. ఇద్దరం కలిసి నిజాలు చెప్పి మా అమ్మానాన్నల ప్రాణం తీశాం.

వార్డు గుమ్మంలో మొదట నాన్న కనిపించాడు. చేలోంచి నేరుగా ఆటో ఎక్కినట్టున్నాడు. పిక్కల దాకా మట్టి.

"చెప్పులు బయట విడవండి" అంది నర్సు అలవాటుగా. తర్వాత ఆయన కాళ్ళు చూసి ఊరుకుంది.

"ఏ మందురా? డబ్బా ఏది? ఏ డబ్బా?"

వెనకాల అమ్మ ఏడుస్తోంది. నేను బల్ల మీది ఖాళీ మాత్ర రేకు చూపించాను. నాన్న దాన్ని తీసుకుని, మందు డబ్బా మీద మోతాదు చూసేవాడిలా రెండు వైపులా తిప్పాడు.

"ఇదా?"

"కడుపులో పురుగులకి నాన్నా. ఆల్బెండజోల్."

మంచం చివర కూర్చున్నాడు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "పొద్దున నేనన్న మాటకే అనుకున్నా" అన్నాడు తువ్వాల్లోంచే.

నాకు ఒక జోకు వచ్చింది. బయటికి రానివ్వలేదు.

మా బంధువులు అక్కడితో కథ సుఖాంతం అనుకుంటారు. కాలేదు. రక్తం ఎక్కింది, పురుగు పోయింది, ఐరన్ మాత్రలతో ఒంటికి కాస్త రంగొచ్చింది కానీ పొట్ట మాత్రం దారికి రాలేదు. ఏది తిన్నా ఉబ్బరం, వారానికోసారి విరేచనాలు. వారాలు గడిచేకొద్దీ విసుగు కూడా అలిసిపోయింది. మళ్ళీ వెళ్తే డాక్టరమ్మ బాజీ ఇచ్చిన మాత్రల చిట్టా విని తల పట్టుకుంది.

"పేగులో మంచి బ్యాక్టీరియా ఉంటుంది. అవసరం లేకుండా ఇన్ని యాంటీబయాటిక్స్ వాడితే అదీ పోతుంది."

"అంటే అక్షింతల పురుగులు చచ్చి తెల్లదోమ మిగిలిందన్నమాట" అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. పక్కనున్న నాన్న అందుకున్నాడు. పంటను తినే తెల్లదోమలాంటి పురుగుల్ని తినే మిత్ర పురుగులు ఉంటాయని, అక్షింతల పురుగు అందులో ఒకటని, అతిగా మందు కొడితే ముందు చచ్చేవి అవేనని, బయట లైన్లో జనం దగ్గేదాకా వివరించాడు.

చివర్లో నేను అడగాలనుకున్నది అడిగాను. "మళ్ళీ చేలో దిగితే మళ్ళీ వస్తుందా మేడమ్?"

"వస్తుంది. ఒకసారి వచ్చినంత మాత్రాన రక్షణ రాదు."

"టీకా లేదా? మా జెర్సీ ఆవుకు రక్తం పీల్చే పిడుదుల వల్ల వచ్చే జ్వరానికి టీకా వేశారు. ఆ జ్వరం తెచ్చేదీ ఒంట్లో చేరే పరాన్నజీవే అన్నారు. ఆవుకుంది, నాకు లేదా?"

ఈసారి నవ్వింది. "మనుషుల్లో మలేరియాకు వచ్చింది. దీనికి ఇంకా పరీక్షల్లోనే ఉంది. కష్టం ఏంటంటే, పేగులో పురుగూ బ్యాక్టీరియా పక్కపక్కనే ఉంటాయి. పురుగుంటే బ్యాక్టీరియా ఒక రకంగా ఉంటుంది, పోతే ఇంకో రకంగా మారొచ్చు. టీకా పురుగుని ఆపితే వాటికేమవుతుందో చూడాలి. బ్యాక్టీరియా పాడైన పొట్టలో అసలు టీకా సరిగా పనిచేస్తుందా అనేదీ చూడాలి. ఇంకా పూర్తిగా తేలలేదు."

మందు కొట్టేముందు మిత్ర పురుగుల సంగతి అడిగేవాళ్ళు ఎక్కడో ఉన్నారన్నమాట. మా ఊళ్ళో ఎవరూ అడగరు. బాజీ అసలే అడగడు. ఇప్పుడు మాత్రం డాక్టరు చీటీ లేకుండా యాంటీబయాటిక్ ఇవ్వనంటాడు. కొత్తగా మతం పుచ్చుకున్నవాడిలా, జలుబుకు వచ్చినవాళ్ళకు కూడా బ్యాక్టీరియా గురించి ఉపన్యాసం ఇస్తున్నాడు.

ప్రస్తుతం పంపు సగం నింపి మోస్తున్నాను. మిగతా సగం మోసే రోజు వస్తుందో రాదో తెలియదు. హిమోగ్లోబిన్ పదకొండు దాటింది. పొట్ట నెమ్మదించింది. దానికి గంజీ, పెరుగూ, ఓపికా తప్ప వేరే మందు రాయలేదు. పచ్చి బియ్యం రుచి పోయింది, కాబట్టి నా పెళ్ళికి వాన గ్యారంటీ లేదు.

మీకు నేను చెప్పేది ఒక్కటే. టీకా వచ్చేదాకా చేలో మోకాళ్ళ కింది దాకా వచ్చే రబ్బరు బూట్లు వేసుకోండి. రేగడి అంటుకుంటుంది, బరువవుతాయి, లోపల కాలు ఉడుకుతుంది, చూసినవాళ్ళు నవ్వుతారు. అయినా వేసుకోండి.

ఆ బూట్లు ముందు కొన్నది నేను కాదు, నాన్న. రెండు జతలు తెచ్చి గట్టు మీద పెట్టాడు. చేను వైపు తిరిగి దణ్ణం పెట్టి, "తప్పయితే నాది తల్లీ" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"చూస్తావేంట్రా? తొడుక్కో."