బ్లేడుతో కోసిన వాక్యం

కోయంబత్తూరు ఆర్.ఎస్. పురంలో నేను పనిచేసే ఆఫీసు పక్కసందులో ఇంకా ఒక అచ్చుయంత్రం నడుస్తోంది. మధ్యాహ్నం టీకి దిగినప్పుడు సిరా, కిరసనాయిలు కలిసిన వాసన వస్తుంది. తోటివాళ్ళు ముక్కు మూసుకుని గబగబా దాటేస్తారు. నేను మాత్రం టీ చల్లారేదాకా అక్కడే నిలబడతాను. డేవిడ్ అన్న చొక్కా ఎప్పుడూ ఇదే వాసన వేసేది. ఆయన పోయి రెండేళ్ళయింది. పోయిన మనిషి వాసన ఇలా వీధిలో ఊరికే దొరకడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఆయన్ని మీరెరగరు. పోదనూరు రైల్వే కాలనీలో పుట్టాడు. పడుచుతనంలో సిమెంటు నేల మీద తలకిందులుగా గిరగిరా తిరిగి బ్రేక్‌డాన్స్ చేసి, నలభై దాటేసరికి రెండు మోకాళ్ళూ పాడుచేసుకున్నాడు. ఇక ఆడలేక పత్రిక పెట్టాడు. పేరు ‘గోడమాట’. కోయంబత్తూరులో ర్యాప్ పాడేవాళ్ళు, డాన్సు చేసేవాళ్ళు, గోడల మీద బొమ్మలేసేవాళ్ళు, వీళ్ళ గురించే ముప్పైరెండు పేజీలు, రెండు నెలలకోసారి. సగం తమిళం, సగం మా ఇంటి తెలుగు. ఆ తెలుగూ తమిళ అక్షరాల్లోనే. ఇదేం వింత అని నవ్వకండి. తరతరాలుగా తెలుగు మాట్లాడుతూ తెలుగు అక్షరం ఎరగనివాళ్ళం మేము. చిన్నమనూరు ద్రాక్షతోటల ఇంట్లో పుట్టిన నేనూ అంతే. ఇప్పుడు రాస్తున్న ఈ లిపి ముప్పై దాటాక నేర్చుకున్నాను. “రాసే చెయ్యి ఉండాది నీకి, కన్ను. అక్షరం కూడా నేర్చుకో” అని, తమిళంలో ముద్దుగా ‘కన్ను’ అని పిలుస్తూ వెంటపడింది ఆయనే.

పత్రిక నడపడంలో ఆయనకొక పద్ధతి ఉండేది. మొదట్లో నాకది ఉత్త చాదస్తంగా కనిపించేది. అచ్చుకు ముందు, ఎవరి గురించి రాశామో వాళ్ళింటికి పేజీలు పట్టుకెళ్ళి, అందరినీ కూర్చోబెట్టి పైకి చదివి వినిపించేవాడు. చాలా ఇళ్ళల్లో తల్లులకు చదువు రాదు. “ఊరు చదివేదానికి ముందు ఇంట్లోవాళ్ళు వినాల” అనేవాడు. ఎవరైనా ఒక మాట వద్దంటే ఎందుకని అడిగేవాడు కాదు. ప్రెస్సుకు వచ్చి, ప్లేటు చేయడానికి తీసిన ట్రేసింగ్ కాగితం మీద ఆ మాటను బ్లేడుతో కోసి తీసేసేవాడు. అందుకే మా పత్రికలో అక్కడక్కడ తెల్లటి ఖాళీలుండేవి. అదేదో మా స్టైలని చదివేవాళ్ళు అనుకునేవారు.

అలా ఒకసారి పోదనూరులోనే ఉండే నాగమ్మక్క ఇంటికి వెళ్ళాం. ఆవిడ భర్త భూగర్భ డ్రైనేజీలోకి దిగి, తిరిగి రాలేదు. కూతురు రాధిక తండ్రి గురించి ఇంటి తెలుగులోనే ర్యాప్ కట్టింది. ఆ పాట గురించి, ఆ తండ్రి గురించి నేను రాశాను. అన్న చదువుతుంటే నాగమ్మక్క చిన్నుల్లిపాయలు ఒలుస్తూ వింటోంది. ఒక వాక్యం దగ్గర ఆవిడ చేతులు ఆగిపోయాయి.

“ఆ ఒక్క మాట వద్దు తమ్ముడూ. పొయిన మనిషి. వచ్చి జవాబు చెప్పలేడు గదా.”

“తీసేస్తానక్కా. ఇది నా మాట.”

దారిలో నేను పోట్లాడాను. వ్యాసానికి ప్రాణమే ఆ వాక్యమన్నాను, చెప్పింది రాధికేనన్నాను. “పాప చెప్పె, సెరి. మొగుడు ఆయమ్మకి గదా” అన్నాడు. ఆ మధ్యాహ్నమే కోసేశాడు. అదేం వాక్యమో ఇక్కడా రాయను.

కొన్నేళ్ళకు ప్రెస్సు మూతపడే స్థితికి వచ్చింది. పిల్లలంతా ఫోన్లలో ఉన్నారు, మనం వెబ్‌సైటు పెడదామని నేనే పట్టుబట్టాను. పాత సంచికలన్నీ అందులో ఎక్కించాలి. “నీ ఇష్టం. కాని పుస్తకం చూసి ఎక్కించు, కన్ను. కంప్యూటర్లో ఉండేది నమ్మొద్దు” అన్నాడు. కంప్యూటర్ ఫైళ్ళలో, ఆయన కోసేసినవన్నీ అలాగే ఉన్నాయి మరి. మొదటి పది సంచికలూ పుస్తకంతో పోల్చి చూశాను. ఆ తర్వాత విసుగేసింది. మిగతావన్నీ ఫైళ్ళలోంచి తీసి అలాగే పెట్టేశాను.

“అన్నీ పుస్తకం చూసేనా?” అని అడిగాడు.

“ఆమాన్నా” అని తమిళంలో ఔనన్నాను.

పదిరోజులు తిరక్కుండానే, నాగమ్మక్క వద్దన్న ఆ వాక్యం, ఎవరో ఎర్రగీత గీసి పంపితే, ఆవిడ చుట్టాల ఫోన్లన్నిటిలోకీ పాకింది. ఇన్నాళ్ళకు బయటపడిందని నవ్వినవాళ్ళూ ఉన్నారు. నాగమ్మక్కకు చదవడం రాదు కదా, ఆవిడ పనిచేసే చోట ఎవరో నలుగురిలో పైకి చదివి వినిపించారట.

వెళ్ళాం. ఆవిడ లోపలికి రమ్మనలేదు. ఎండలో, ఆ మోకాళ్ళతో, గడప బయట నిలబడ్డాడు అన్న.

“మాటిచ్చినావే తమ్ముడూ.”

ఆయన నా వైపు ఒక్కసారి చూసివుంటే సరిపోయేది. చూడలేదు. “తప్పు నాదేనక్కా. నేను చూసుకోలే” అన్నాడు. నేను ఆయన వెనకే ఉన్నాను. తలుపు పడింది. తిరుగుదారిలో నన్నొక్క మాటా అడగలేదు. తెలిసే అడగలేదా, నా అబద్ధాన్ని చివరిదాకా నమ్మాడా, నాకిప్పటికీ తెలియదు. రెండింటిలో ఏది తలుచుకున్నా సిగ్గేస్తుంది.

సైటులోంచి ఆ పేజీ వెంటనే తీసేశాను. కాని ఊరివాళ్ళ ఫోన్లలోంచి ఎలా తీయను? ఆ తర్వాత అన్న ప్రతి ఆదివారం చర్చి అయ్యాక ఆ వీధికి వెళ్ళి కాసేపు నిలబడి వచ్చేవాడు. తలుపు తెరుచుకోలేదు. గుండెజబ్బుతో ఆసుపత్రిలో చేరేదాకా వెళ్తూనే ఉన్నాడు. ఆయన్ని మట్టిచేసిన రోజున నాగమ్మక్క రాలేదు. మాట తప్పినవాడి దగ్గరికి ఎందుకు వస్తుంది?

పోయిన ఆదివారం ఇక్కడిదాకా రాసిన కాగితాలు పట్టుకుని పోదనూరు వెళ్ళాను. నాగమ్మక్క నన్ను లోపలికి రానిచ్చింది. గడప దగ్గర కూర్చుని అంతా చదివి వినిపించాను. “ఆమాన్నా” అన్నచోట కూడా ఆపలేదు. ఆవిడ వీధివైపు చూసింది.

“అప్పుడే చెప్పింటే, లోపల కూచోబెట్టి ఒక లోటా నీళ్ళయినా ఇచ్చిందునే. ఎన్ని ఆదివారాలు నిలబడిపొయినాడు ఆ మనిషి” అంది.

ఏమైనా తీసెయ్యాలా అక్కా అని అడిగాను. వద్దని తల ఊపింది. కాగితాల్లోని ఆ చివరి మాట, అన్నను ‘మాట తప్పినవాడు’ అన్నది, తీసెయ్యమంటుందేమోనని ఎంతో ఆశపడ్డాను.